పెద్దవాళ్ళు ఊరికే పడిపోరు

డెబ్బై ఐదేళ్ళ మనిషి స్నానాల గదిలో పడిపోతే ఇంట్లోవాళ్ళు ముందు నేలను తిడతారు, తర్వాత చెప్పులను, చివరికి వయసును. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేయిస్తారు, చేతికర్ర కొంటారు, గోడకు కడ్డీ బిగిస్తారు. కాలు జారి పడ్డారా, కళ్ళు బైర్లు కమ్మి పడ్డారా అని అడిగేవాళ్ళు తక్కువ. ‘వయసైపోయిందండీ, ఇంకేముంటుంది’ అనేసి ఊరుకుంటారు. ఈ మాటను ఇంకా చెల్లనివ్వడం తప్పు. దాని వెనకాల నయం చేయదగ్గ జబ్బు దాక్కుని ఉండొచ్చు. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకోవడం అలాంటి వాటిలో ఒకటి.

గుండెకు తన సొంత విద్యుత్తు ఉంది. కుడివైపు పై గదిలోని సైనస్ నోడ్‌లో సంకేతం పుడుతుంది, మధ్యలోని ఏవీ నోడ్ దాటి కింది గదులకు చేరుతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకోవడం మామూలు. ఏళ్ళు గడిచేకొద్దీ ఈ దారిలో మచ్చకట్టి సంకేతం మందగిస్తుంది, ఒక్కోసారి పూర్తిగా తెగిపోతుంది. దాన్నే కంప్లీట్ హార్ట్ బ్లాక్ అంటారు. అప్పుడు కింది గదులు సొంతంగా 40కి అటూ ఇటూ, ఇంకా తక్కువగా కూడా కొట్టుకుంటాయి. మెట్లెక్కితే ఆయాసం, పొద్దంతా నీరసం, తల తేలిపోవడం దాని ఫలితాలే. ‘వయసువల్లనే కదా మరి’ అంటారు. నిజమే, కంటి శుక్లం కూడా వయసుతోనే వస్తుంది. ఆ వంకతో ఎవరినైనా గుడ్డివాళ్ళుగా వదిలేస్తున్నామా?

కొందరికి గుండె కొన్ని సెకన్లు ఆగినట్టే అవుతుంది. మనిషి ఉన్నట్టుండి కూలిపోతాడు, ముఖం పాలిపోతుంది, కాళ్ళూ చేతులూ కొట్టుకోవచ్చు కూడా. చుట్టుపక్కలవాళ్ళు మూర్ఛ అనుకుని చేతిలో తాళాల గుత్తి పెడతారు. అంతలో గుండె మళ్ళీ అందుకుంటుంది, మనిషి లేచి కూర్చుంటాడు. గుత్తి పనిచేసిందని అందరూ నమ్ముతారు! డబ్లిన్ వైద్యులు రాబర్ట్ ఆడమ్స్ 1827లో, విలియం స్టోక్స్ 1846లో ఇలాంటి రోగుల గురించి రాశారు, ఆ పేర్లతోనే దీన్ని స్టోక్స్–ఆడమ్స్ అటాక్ అంటున్నారు. దాదాపు రెండు వందల ఏళ్ళ నాడే వైద్యులు గుర్తించిన జబ్బుకు ఇవాళ్టికీ బలం సెలైన్ ఎక్కించి ఇంటికి పంపడం చూస్తే నాకు కోపం వస్తుంది.

కనిపెట్టడానికి తొలి సాధనం ఇంట్లోనే ఉంది. బీపీ మిషన్‌లో పైన రెండు అంకెలు చదివి కాగితం మీద రాసుకుంటాం, కింద ఉన్న మూడోదాన్ని వదిలేస్తాం. అదే నాడి. కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్‌లోనూ ఆక్సిజన్ పక్కన అదే అంకె వెలుగుతుంది. గుండె లయ తప్పినప్పుడు మిషన్లు పొరబడతాయి కాబట్టి బొటనవేలి మొదట్లో, మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి పూర్తి నిమిషం లెక్కపెట్టడం మేలు.

నాడి నెమ్మదిగా ఉంటే గుండె గట్టిదని మురిసిపోయేవాళ్ళూ ఉన్నారు. బాగా సాధన చేసే క్రీడాకారుల విషయంలో ఆ మాట చెల్లుతుంది, నిద్రలోనూ నాడి తగ్గుతుంది. వీధి చివరిదాకా నడిస్తేనే ఆయాసపడే తాతయ్యకు చెల్లదు. 50 కంటే తగ్గి, దానికి తోడు కళ్ళు తిరగడం, స్పృహ తప్పడం ఉంటే ఆ రోజే ఈసీజీ తీయించాలి. ఈసీజీ తీసిన క్షణంలో గుండె బాగానే కొట్టుకుంటూ ఉండొచ్చు. అప్పుడు 24 గంటల పాటు గుండె లయను నమోదు చేసే హోల్టర్ కావాలి. ఎప్పుడో నెలకోసారి పడిపోయేవారికి చర్మం కింద పెట్టే లూప్ రికార్డర్ ఉంది.

నాడి తగ్గిన అందరికీ పేస్‌మేకర్ (గుండెకు సంకేతం పంపే పరికరం) అక్కర్లేదు. బీపీకి వాడే అటెనొలాల్, మెటోప్రొలాల్, డిల్టియాజెమ్ నాడిని తగ్గిస్తాయి. కంటి నీటికాసులకు వేసే టిమొలాల్ చుక్కలు సైతం తగ్గించగలవు. థైరాయిడ్ తగ్గినా, రక్తంలో పొటాషియం పెరిగినా అంతే. వీటిని సరిచేస్తే నాడి మళ్ళీ పుంజుకోవచ్చు. మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దు, కొన్ని హఠాత్తుగా మానితే ప్రమాదం. ఏ ఇబ్బందీ లేకుండా నాడి కాస్త తక్కువగా ఉందని పేస్‌మేకర్ పెడతామంటే, ‘బ్లాక్ ఏ రకం?’ అని నిలదీసి అడగండి. కంప్లీట్ బ్లాక్ అయితే ఇబ్బంది తెలియకపోయినా సాధారణంగా పెట్టాల్సిందే.

‘ఈ వయసులో ఎందుకు కోతలు?’ అంటారు. మత్తు ఆ చోటు వరకే ఇస్తారు. కాలర్ ఎముక కింద చిన్న గాటు పెట్టి, రక్తనాళం గుండా తీగను గుండెలోకి పంపుతారు. బ్యాటరీ సుమారు పదేళ్ళు వస్తుంది. 1958 అక్టోబర్ 8న స్టాక్‌హోమ్‌లో ఆర్నే లార్సన్‌ అనే రోగికి ప్రపంచంలో మొదటిసారి పేస్‌మేకర్‌ను శరీరం లోపల అమర్చారు. ఆ పరికరం కొన్ని గంటలకే పాడైంది. అయినా మరెన్నో మార్చుకుంటూ ఆయన 2001 దాకా బతికి 86వ ఏట కన్నుమూశాడు, అదీ క్యాన్సర్‌తో.

అన్నిటికంటే మొండి అపోహ ఇంకొకటుంది: పేస్‌మేకర్ పెడితే అంత్యకాలంలో ప్రాణం పోక మనిషి నరకయాతన పడతాడని. ఈ భయంతోనే సంతకం పెట్టని కొడుకులున్నారు. పేస్‌మేకర్ సంకేతం పంపగలదే గానీ, చచ్చుబడిన కండరాన్ని కదిలించలేదు. ఇక ఖర్చు మాటకొస్తే, పేస్‌మేకర్ అమర్చే చికిత్స ఆరోగ్యశ్రీ జాబితాలో ఉంది. వద్దనే ముందు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్ళి కార్డు చూపించి అడగండి.