నాసాగ్రమున పొక్కు

నుదుట నొక ప్రక్కన మాత్రమే, నడిమిగీటు దాటకుండ, నిప్పంటుకొన్నట్లు మండుచు పొక్కులు లేచినయెడల, “ఇది అక్కి, కుమ్మరివారిచేత వ్రాయింపుడు” అని పెద్దలు చెప్పుట మన పల్లెలలో నేటికిని వినవచ్చుచున్నది. జేగురు నీట కలిపి అతడు బొమ్మ వ్రాయును. కొన్ని వారములకు పొక్కులు పక్కుగట్టి రాలును. కీర్తి జేగురునకు దక్కును. మందు వేసినను మానినను ఎండిపోవు పొక్కులే యగుటచేత, ఈ నమ్మకమును ఏ యనుభవమును కదలింపజాలదు. ఆ కుమ్మరిని నేను నిందింపను. చర్మము విషయమున ఆతని లెక్క సరిగనే యున్నది. తప్పునది కంటి విషయమున.

బాల్యమున ఆటలమ్మ పోసి తగ్గినను ఆ వైరసు దేహమును వీడక, నాడీగ్రంథులలో దశాబ్దములు దాగియుండి, వార్ధక్యముచేతనో, కాన్సరు మందులచేతనో రోగనిరోధకశక్తి సడలిన యదను చూచి, ఒక్క నరము వెంబడి చర్మమునకు దిగివచ్చును; అదియే అక్కి. 1965లో ఈ సంగతిని విశదముగ ప్రతిపాదించినవాడు మహాప్రయోగశాలాధిపతి కాడు. ఇంగ్లండున సిరెన్‌సెస్టర్ అను చిన్న పట్టణమున నాడి చూచుకొనుచు, తన రోగుల వివరములను ఏండ్ల తరబడి వ్రాసికొన్న హోప్ సింప్సన్ అను సామాన్యవైద్యుడు.

ముఖమున నీ వైరసు త్రిధారనాడి యొక్క పైశాఖను పట్టినప్పుడు నుదురు, పైరెప్ప, కన్ను మూడును దాని దారిలోనివే. ఆ శాఖనుండి చీలిన యొక పాయయే ముక్కుకొనకును కనుగ్రుడ్డునకును పోవుటచేత, ముక్కుకొన పొక్కినచో కంటికి ముప్పు సమీపించినదని 19వ శతాబ్దమున హచిన్‌సన్ అను ఆంగ్లవైద్యుడు గుర్తించెను. ముక్కు శుభ్రముగ నున్నదని నిశ్చింత పడుటయు తగదు; అది లేకయు కన్ను చెడవచ్చును.

పొక్కులు కనబడిన 72 గంటలలోపల అసైక్లోవిర్ వంటి మాత్రలు మొదలిడుట మేలు. ఆ మూడు దినములే పల్లెలో బొమ్మలకును, పట్టణమున స్వంతవైద్యమునకును వ్యయమగుచున్నవి. పొక్కులకు ముందే నొప్పి వచ్చుటచే పార్శ్వపునొప్పి యనుకొని మాత్రలు మ్రింగు విద్యావంతులు, కన్నెఱ్ఱనైనంతనే దుకాణమున స్టెరాయిడ్ చుక్కలు కొని వేసికొనువారు, కుమ్మరికన్న నెక్కువ చెఱుపు చేసికొనుచున్నారు.

ఈ వ్యాధిలో నతివిచిత్రమైనది నొప్పి నడచు తీరు. పొక్కులు మాని నెలలు గడచినను కొందఱికి ఫంకాగాలి సోకినను, తల దువ్వుకొన్నను నుదురు భగ్గుమనును. ఆ నుదుటి క్రిందనే యున్న కన్నో, స్పర్శ కోల్పోయి మౌనము దాల్చును. వైద్యుడు దూదిపోగును నల్లగ్రుడ్డునకు తాకించినప్పుడు మంచికన్ను తటాలున మూసికొనును. రెండవది ఱెప్ప వేయదు. అట్టి కంటిలో దుమ్ము పడినను, తడి యారినను, పుండు పుట్టినను తెలియదు. “నొప్పి లేదు కదండీ, చుక్కలెందుకు?” అని రోగి మానివేయును, పుండు మచ్చయై చూపును కప్పును.

50 ఏండ్లు దాటినవారికి రెండు మోతాదుల టీకా 2023 నుండి మన దేశమునను దొరకుచున్నది గాని, దాని వెల సామాన్యునకు భారమే. ప్రాథమికారోగ్యకేంద్రములందు అసైక్లోవిర్ నిలువయుంచి, నుదుటి పొక్కులతో వచ్చినవారిని ఆనాడే కంటివైద్యుని యొద్దకు పంపు నేర్పాటు అంత వ్యయసాధ్యము కాదు. అది జరిగినపిమ్మట, ఱెప్పకును కంటికిని తగులనీయక కుమ్మరి బొమ్మ వ్రాసికొన్నను నాకు పేచీ లేదు.