గల్ఫ్ నుంచి వచ్చిన పిల్లలకు బడిలో వారధి తరగతి పెట్టాలి

గోదావరిఖని, రామగుండం, యైటింక్లయిన్ కాలనీ కార్మిక కుటుంబాలకు విజ్ఞప్తి.

సింగరేణి బొగ్గు గనుల కారుణ్య నియామకాల వయోపరిమితిని 2024లో 35 ఏళ్ల నుంచి 40కి పెంచారు. ఇక బాయి నౌకరి రాదనుకుని దుబాయిలోనో దమ్మాంలోనో కాలం వెళ్లదీస్తున్న కొడుకులకు తొవ్వ దొరికింది. సంతోషం. కానీ ఆ వయసు కొడుకు ఒంటరిగా రాడు, భార్యతో, బడి ఈడు పిల్లలతో వస్తాడు. నౌకరి కోసం అందరం కొట్లాడినం. పిల్లల సంగతి ఎవరమూ ఎత్తలేదు.

మా వాడకట్టులో ఒక పాప ఆరో తరగతిలో చేరింది. పుట్టి పెరిగింది షార్జాలో. తెలుగు గడగడా మాట్లాడుతుంది గానీ రాయమంటే చెయ్యి ఆగిపోతుంది. ఒత్తులన్నీ వదిలేసి డిక్టేషన్ రాస్తే టీచర్ ఆ నోట్‌బుక్‌ను తరగతికంతా చూపించారు. ఒక మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బ్లాస్టింగుకు కిటికీలు అదిరితే పాప బెంచీ కిందికి దూరింది. ఆ చప్పుడు అలవాటైన పిల్లలు పకపకా నవ్వారు. ఆనాటి నుంచి తరగతిలో ఆమె పేరు 'దుబాయి'. ఇంట్లో నానమ్మేమో "మన తీరే తెల్వదు ఈ పిల్లకు" అని తల్లిని దెప్పుతుంది. "మనింటికి మనం వచ్చి చుట్టాల లెక్క బతుకుతున్నం" అని ఆ తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఊరికి తిరిగొచ్చింది తల్లిదండ్రులు. పాపకు ఇది కొత్త దేశమే.

2018 చట్టంతో తెలంగాణలో ఏ సిలబస్ బడిలోనైనా తెలుగు తప్పనిసరి అయింది. మంచి చట్టం, దాన్ని మేము కాదనడం లేదు. తెలుగు మాతృభాష కాని పిల్లలకు 'వెన్నెల' అనే సులభ వాచకం కూడా ఉంది. నోటికి తెలుగు వచ్చి చేతికి రాని మన పిల్లలను మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు.

కొత్త కార్మికుణ్ణి వృత్తి శిక్షణ కేంద్రం(వీటీసీ)లో శిక్షణ ఇవ్వకుండా బాయిలోకి దింపరు. ఆ నిబంధనలు 1966 నుంచీ ఉన్నాయి. తండ్రికి ఉన్న ఆ పాటి ఏర్పాటు బిడ్డకు తరగతిలో ఉండొద్దా?

సింగరేణి బడుల్లో, సర్కారు హైస్కూళ్లలో మూడు నెలల పాటు రోజుకో గంట తెలుగు రాత నేర్పే వారధి తరగతి నడపాలి. రిటైరైన తెలుగు పంతుళ్లు మన ఊళ్లోనే ఉన్నారు, అడిగితే వస్తారు. తెలుగు రాదని పిల్లను కింది తరగతికి దించకూడదు. విదేశీ టీసీ కాగితాలు పూర్తయ్యేదాకా ఇంట్లో కూర్చోబెట్టకుండా తాత్కాలికంగా చేర్చుకోవాలి. సింగరేణి సేవా సమితి ఈ పిల్లల తల్లులను పిలిచి నెలకొకసారైనా ఒకచోట కూర్చోబెట్టాలి.

పిల్లలే కదా, మెల్లగా అలవాటు పడతరు అనేవాళ్లున్నారు. పడతరు. అప్పటికి ఒక ఏడాది చదువు పోతుంది, తరగతిలో నోరు విప్పడమే మానేస్తారు. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షల ఎక్స్‌గ్రేషియా అని ప్రభుత్వం 2024లో ఉత్తర్వులిచ్చింది. బతికి తిరిగొచ్చిన కుటుంబానికి ఒక పంతులును, ఒక గదిని అడుగుతున్నాం.

మీ ఇంట్లో, పక్కింట్లో ఇలాంటి పిల్లలుంటే తరగతి, వచ్చిన దేశం, చేరిన బడి ఒక కాగితం మీద రాయండి. ఒక నకలు హెడ్మాస్టరుకు, ఒకటి మీ యూనియన్ నాయకుడికి ఇవ్వండి. ఆ కాగితాలన్నీ పట్టుకుని సోమవారం ప్రజావాణికి పెద్దపల్లి కలెక్టరేట్‌కు కలిసి పోదాం. జూన్‌లో బడులు తెరిచేలోపు ఉత్తర్వు రావాలి.