ధర తగ్గినా తగ్గని అప్పు

1929లో మొదలైన ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధరలు పడిపోయాయి. గింజలు చౌకైతే పేదవాడు కడుపునిండా తిన్నాడనుకుంటాం. కానీ నాడు నిజాం రాజ్యంలో ఉన్న సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెల్లో రైతు అమ్మే ధర తగ్గింది గానీ తీర్చాల్సిన అప్పు తగ్గలేదు. ధాన్యం అప్పు తెస్తే పంటకు ఒకటికి ఒకటిన్నర కొలిచే ‘నాగు’ పద్ధతి ఉండేది. మన పితరుల్లో అనేకులు దొరలకు వెట్టి చేశారు. 1939లో గూడవల్లి రామబ్రహ్మం ‘రైతుబిడ్డ’ సినిమాలో రైతు గోడు చూపిస్తే జమీందార్లు మండిపడ్డారు.

నెహెమ్యా 5వ అధ్యాయంలోనూ ఇదే గోడు. పొలాలు కుదువపెట్టినవారు చివరికి పిల్లలను దాస్యానికి అప్పగించారు. అప్పిచ్చినవారు పరాయివారు కాదు, సహోదరులే! నెహెమ్యా ప్రార్థనతో సరిపెట్టలేదు. అప్పిచ్చినవారిలో తననూ కలుపుకొని, వడ్డీ మాన్పించి, పొలాలు తిరిగి ఇప్పించాడు.

నేడు ప్రభువు బల్లలో కలిసి పాలుపొందే మన మధ్య కూడా నూటికి మూడు, ఐదు రూపాయల నెల వడ్డీ నడుస్తోంది. ఆ వడ్డీలో దశమభాగం తెచ్చి కానుకపెట్టెలో వేస్తే దేవుడు సంతోషిస్తాడా? సంఘపెద్దలమైన మనమే మొదట సహోదరుని ప్రామిసరీ నోటు మీద వడ్డీ కొట్టివేసి, ఆ తర్వాత బల్లను సమీపిద్దాం.