సంపాదకుని మాట: నొప్పికి ఏమిస్తారని అడగండి

ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలితే మా కల్హేర్‌లో ఏ పెద్దాయనైనా హైదరాబాద్ బాట పట్టాల్సిందే. 2023లో అక్కడి ప్రభుత్వ ఆసుపత్రి నిమ్స్‌కూ రోబో యంత్రం వచ్చాక, రోబోతో ప్రోస్టేట్ గ్రంథిని తీసే ఆపరేషన్ కార్పొరేట్ ఆసుపత్రులకే పరిమితం కాకుండా పోయింది. "చిన్న రంధ్రాలే కదా, నొప్పేముంటుంది" అని ధైర్యం చెప్పి పంపుతుంటారు.

నొప్పి ఉంటుంది. గ్రంథిని బయటికి తీయడానికి ఒక రంధ్రాన్ని పెద్దది చేస్తారు. కడుపులో నింపిన గ్యాస్ వల్ల భుజాలు లాగుతాయి. మూత్రపు గొట్టం ఉన్నన్నాళ్లూ పొత్తికడుపు ఉండుండి పట్టేస్తుంది.

తల బాగా కిందికి వాల్చి చేస్తారు కాబట్టి పూర్తి మత్తు తప్పదు. దానికి తోడుగా, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ పొట్ట కండరాల పొరల మధ్య తిమ్మిరి మందు ఎక్కించవచ్చు. ఇదే ట్యాప్ బ్లాక్. కోతల నొప్పి కొన్ని గంటలు అణుగుతుంది. గొట్టం బాధ మాత్రం దీనికి లొంగదు. వెన్నులోకి సూదితో కొద్దిపాటి మార్ఫిన్ ఇస్తే లోపలి నొప్పికీ దాదాపు ఒక రోజు ఉపశమనం. కానీ దురద, వాంతులు రావచ్చు, అరుదుగా శ్వాస మందగించవచ్చు. రాత్రంతా కనిపెట్టుకుని ఉండే నర్సులున్న చోటే అది మేలు.

క్లోరోఫామ్ మత్తు ఎంత సురక్షితమో తేల్చడానికి 1888, 1889ల్లో క్లోరోఫామ్ కమిషన్లు పనిచేసిన నగరం హైదరాబాద్. తొలితరం మహిళా మత్తు డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ వైద్యం చేసిందీ అక్కడే. అలాంటి చోట మన పెద్దలు మత్తు డాక్టర్‌తో ఒక్క మాటైనా మాట్లాడకుండా థియేటర్‌లోకి వెళ్లడం నాకు బాధగా ఉంది.

ఆపరేషన్ తేదీ ఇచ్చిన రోజే, రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే డాక్టర్‌కు చెప్పండి; వెన్నులోకి సూది వేయవచ్చా అన్నది వాటిని బట్టి ఉంటుంది. నొప్పికి ఏమిస్తారో కూడా అప్పుడే అడగండి.