పట్టా రైతుది, నీరు పక్షిది

కొల్లేటి లంకల్లో బడికి వెళ్లని వాళ్ల నోట కూడా అలవోకగా దొర్లే ఇంగ్లిష్ మాట ఒకటుంది: కాంటూరు. సముద్రమట్టానికి ఇన్ని అడుగుల ఎత్తు అని చెప్పే ఈ గీతే అక్కడ ఎవరు సాగుదారో, ఎవరు ఆక్రమణదారో తేలుస్తుంది. 1999లో ప్రభుత్వం ఐదో కాంటూరు వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్ల మేర కొల్లేరును పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో సరస్సుకు రామ్‌సార్ గుర్తింపు కూడా దక్కింది. కానీ అభయారణ్యంలోని సుమారు 77 వేల ఎకరాల్లో దాదాపు 15 వేల ఎకరాలు జిరాయితీ భూములు. వాటికి పట్టాలున్నాయి, వారసులున్నారు. పాతికేళ్లు దాటినా వారి సంగతి తేలలేదు. అభయారణ్యం హద్దులు గుర్తించాలని 2025లో కూడా సుప్రీంకోర్టు రాష్ట్రానికి చెప్పాల్సి వచ్చిందంటే ఇంతకాలం ఏం జరిగిందో ఊహించుకోవచ్చు.

కథలో ప్రభుత్వం పాత్ర చిన్నదేమీ కాదు. 1970ల్లో మత్స్యకార సహకార సంఘాలకు చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది ప్రభుత్వమే. లాభాల రుచి తెలిశాక బయటి పెట్టుబడి లీజుల రూపంలో దిగింది. గట్లు లేచాయి, నీటి దారులు మూసుకుపోయాయి. చివరికి 2006లో సుప్రీంకోర్టు సాధికార కమిటీ ఆదేశాలతో పొక్లెయిన్లు వచ్చి గట్లను కూల్చాయి. పెట్టుబడిదారు మరో చోటికి పోయాడు. ఎకరం, రెండెకరాలున్న వాడు మాత్రం అక్కడే మిగిలాడు.

దీనికి రాజకీయ నాయకులు కనిపెట్టిన మందు గీతను జరపడం. 2008లో అసెంబ్లీ అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని తీర్మానించింది. అలా చేస్తే మిగిలేది 135 చదరపు కిలోమీటర్లే, అంటే సగం కూడా కాదు. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ దీనికి ఒప్పుకోలేదు. ఐదో కాంటూరును కదపొద్దని, ప్రైవేటు భూములకు పరిహారం ఇవ్వాలని సూచించింది. అందులో మొదటి సగాన్ని పర్యావరణవాదులు పట్టుకున్నారు. రెండో సగాన్ని పట్టించుకున్న వాళ్లు తక్కువ.

గీత జరిపినా నీరు వినదు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఈ పళ్లెంలోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి పడతాయి. బయటికి దారి ఒక్క ఉప్పుటేరే. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు చివరికి చేరేది ఇక్కడికే. అప్పుడు కొల్లేటి గ్రామాలూ నీట మునిగాయి. వరదను నిలుపుకునే చోటును చెరువు గట్లతో నింపితే ఆ నీరు ఇళ్లలోకే వస్తుంది. కాబట్టి కొల్లేరును కాపాడటమంటే పక్షి ప్రేమికుల సరదా తీర్చడం కాదు.

పక్షులు కూడా గీతను చూసి వాలవు. ఆటపాకలో గూడు కట్టుకున్న గూడబాతు చుట్టుపక్కల చేపల చెరువుల మీద పడుతుంది. రైతు టపాకాయలు కాల్చి తరుముతాడు. నత్తగుల్ల కొంగ మేతకు వరి చేలలో దిగుతుంది. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు మాత్రం వరి పొలాలను తమ పరిధి నుంచి మినహాయించాయి. అంటే పక్షి కడుపు నింపే నేలలో చాలా భాగం ప్రైవేటుది, దాన్ని కాపాడే ఏర్పాటు మాత్రం లేదు.

అలాంటి ఏర్పాటు అసాధ్యమేమీ కాదు. అమెరికాలో 1934 నుంచి బాతుల వేటగాళ్లు ఏటా ఒక స్టాంపు కొనాలి. ఆ డబ్బుతో ప్రభుత్వం చిత్తడి నేలలు కొంటుంది. కొన్నిచోట్ల భూమిని కొనదు, దాన్ని ఎండగట్టే, పూడ్చే హక్కును మాత్రమే కొంటుంది. పొలం రైతుదే, నీరు పక్షిది. మన దగ్గర వేట నిషిద్ధం కాబట్టి స్టాంపు కుదరదు కానీ సూత్రం కుదురుతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 24వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోని భూమిని కలెక్టరు సేకరించవచ్చు, లేదా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌తో సంప్రదించి యజమాని హక్కును కొనసాగనివ్వవచ్చు. గట్లు వేయకుండా, పురుగుమందులు చల్లకుండా దాళ్వా వరి వేసుకునే రైతుకు ఏటా ఇంత అని చెల్లిస్తే అతడే కొల్లేటికి కాపలాదారు అవుతాడు.

దానికి ముందు ఎవరి భూమి ఎంతో, ఎవరు అసలు యజమానో, ఎవరు బినామీయో సర్వే చేసి జాబితా ప్రకటించాలి. ప్రభుత్వాలు జంకేది ఇక్కడే. గీతను జరుపుతామంటే ఓట్లు వస్తాయి, జాబితా బయటపెడితే పేర్లు వస్తాయి. అందుకే కాంటూరు గురించి ప్రతి ఎన్నికలోనూ వినిపిస్తుంది, పరిహారం గురించి వినిపించదు. ఈలోగా ఏడాది ఏడాదికీ గట్లు మళ్లీ లేస్తూనే ఉన్నాయి.