మెనూ మార్చే ముందు ఆ చుక్క ఫోల్డర్ చూసుకోండి

మియూ మినీ ప్లస్ కొన్న ప్రతి ఒక్కరికీ నేను చెప్పే మాట ఒకటే: బాక్స్‌లో వచ్చిన మెనూ పక్కన పెట్టి ఆనియన్ వేసుకోండి. ఇప్పటికీ అదే చెప్తాను. కాకపోతే సంక్రాంతికి ముందు వేంపల్లెలో ఉన్న మా చిన్నాయన కొడుక్కి హైదరాబాద్ నుంచి ఫోన్‌లో ఇదే మాట చెప్పి, వాడు దాదాపు నలభై గంటలు ఆడిన పోకెమాన్ ఎమరాల్డ్ గేమ్‌ని గాల్లో కలిపేశాను. అందుకే ఈసారి సలహా కాస్త పొడుగ్గా ఉంటుంది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మియూ మినీ ప్లస్ 2023లో వచ్చిన చిన్న హ్యాండ్‌హెల్డ్. 3.5 అంగుళాల 640x480 స్క్రీన్, 128 ఎంబీ ర్యామ్, 3000 ఎంఏహెచ్ బ్యాటరీ, వైఫై. గేమ్ బాయ్ నుంచి మొదటి ప్లేస్టేషన్ దాకా పాత గేమ్స్ ఆడుకోవచ్చు. ఆనియన్ అనేది దీని కోసం కొందరు వాలంటీర్లు తయారుచేసి ఫ్రీగా ఇస్తున్న మెనూ. ఇందులో నాకు బాగా నచ్చేది ఏంటంటే, అది మొత్తం ఎస్‌డీ కార్డ్‌లోనే ఉంటుంది. నచ్చకపోతే పాత కార్డ్ మళ్లీ పెడితే చాలు, పాత మెనూ వచ్చేస్తుంది. "డివైస్ పాడైపోతుందేమో" అన్న భయం ఇక్కడ పెద్దగా అక్కర్లేదు.

భయపడాల్సింది కార్డ్ గురించి. మావాడి దగ్గర లాప్‌టాప్ లేదు. ఫోన్, ఓటీజీ కార్డ్ రీడర్, అంతే. బాక్స్‌తో వచ్చిన 64 జీబీ కార్డ్ అప్పటికే మొరాయిస్తోంది, ఒక్కోరోజు గేమ్స్ లిస్ట్ సగం మాయం. "రోమ్స్, బయోస్ ఫోల్డర్లు ఫోన్‌లోకి కాపీ చేసుకో, కార్డ్ ఫార్మాట్ కొట్టు, ఆనియన్ జిప్ ఎక్స్‌ట్రాక్ట్ చేసి వెయ్యి" అన్నాను. పది నిమిషాల పని అని కూడా అన్నాను.

గంట తర్వాత ఫోన్. "అన్నా, లోగో వస్తాంది, మళ్లా నల్లగా అయిపోతాంది. ఈడ షాపాయన డిస్‌ప్లే పోయిందంటాండు."

డిస్‌ప్లే పోలేదు. లోగో కనిపిస్తోందంటే డిస్‌ప్లే బాగున్నట్టే కదా! అసలు సంగతి, 64 జీబీ కార్డ్‌ని ఫోన్‌లో ఫార్మాట్ చేస్తే ఎక్కువగా ఎక్స్‌ఫ్యాట్ అవుతుంది. ఆనియన్‌కి కావాల్సింది ఫ్యాట్32. విండోస్‌లో మామూలుగా రైట్ క్లిక్ చేసి ఫార్మాట్ చేద్దామన్నా 32 జీబీ దాటిన కార్డ్‌కి ఫ్యాట్32 ఆప్షన్ చాలాకాలంగా కనిపించదు. రూఫస్ లాంటి ఫ్రీ టూల్ వాడాలి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదివే వాడి ఫ్రెండ్ ఒకడు లాప్‌టాప్ తెచ్చి ఆ పని చేసిపెట్టాడు. అయినా అదే నల్ల తెర.

ఈసారి తప్పు ఇంకా చిన్నది. డివైస్ ఆన్ అవగానే కార్డ్‌లో ".tmp_update" అనే ఫోల్డర్ కోసం వెతుకుతుంది. ఆనియన్ మొదలయ్యేది అక్కడి నుంచే. పేరు చుక్కతో మొదలవుతుంది కాబట్టి చాలా ఫోన్ ఫైల్ మేనేజర్లు దాన్ని దాచేస్తాయి. మావాడు ఫోన్‌లో ఎక్స్‌ట్రాక్ట్ చేసి, కనపడిన ఫోల్డర్లన్నీ సెలెక్ట్ చేసి కార్డ్‌లోకి మార్చాడు. కనపడనిది ఫోన్‌లోనే ఉండిపోయింది. లాప్‌టాప్‌లో జిప్‌ని నేరుగా కార్డ్ మీదికే ఎక్స్‌ట్రాక్ట్ చేసి, సేఫ్‌గా ఎజెక్ట్ చేసి పెట్టగానే ఇన్‌స్టాలర్ లేచింది. వీడియో కాల్‌లో ఇద్దరూ కేకలు.

ఆ తర్వాత మావాడి గొంతు మారింది. "అన్నా, నా సేవ్ యాడికి పోయింది?"

పాత మెనూలో సేవ్ ఫైళ్లు రోమ్స్ ఫోల్డర్‌లో ఉండవు. రెట్రోఆర్చ్ ఫోల్డర్ లోపల ".retroarch" అని మరో చుక్క ఫోల్డర్, దాని లోపల సేవ్స్, స్టేట్స్ ఉంటాయి. నాకు తెలుసు. చెప్పడం మర్చిపోయాను. రికవరీ సాఫ్ట్‌వేర్ కూడా పెట్టి చూశాం. రెండుసార్లు ఫార్మాట్ చేసి, మీద కొత్త ఫైళ్లు రాసిన కార్డ్‌లో ఏం దొరుకుతుంది? వాడు నన్ను ఒక్క మాట అనలేదు. "పర్లేదులే అన్నా" అని ఫోన్ పెట్టేశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇందులో నా తప్పుతో పాటు మా రివ్యూల తప్పు కూడా ఉందనుకుంటున్నా. డీ-ప్యాడ్ ఎంత మెత్తగా ఉంది, ప్లాస్టిక్ ఎలా ఉంది అని పేజీలు రాస్తాం. కార్డ్ గురించి ఒక్క లైన్, అదీ "వేల గేమ్స్‌తో వస్తుంది" అని మెచ్చుకుంటూ! ఆ గేమ్స్‌కి లైసెన్స్ ఉండదు, ఆ కార్డ్‌కి చాలాసార్లు బ్రాండ్ పేరు కూడా ఉండదు. నా వరకు ఇకపై ఊరూపేరూ లేని కార్డ్‌తో వచ్చే ఏ హ్యాండ్‌హెల్డ్‌కైనా మార్కులు కోస్తాను. లీగల్‌గా ఆడుకోవాలంటే టోబు టోబు గర్ల్ లాంటి ఫ్రీ హోమ్‌బ్రూ గేమ్స్ ఉన్నాయి, ముందు వాటితో మొదలుపెట్టండి.

"ఇంత తలనొప్పి ఎందుకు, పాత మెనూనే ఉంచుకుంటే పోలా?" అని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. ఆనియన్‌లో ఆడుతూ ఆడుతూ పవర్ ఆఫ్ చేస్తే ఎక్కడ ఆపారో అక్కడే సేవ్ అవుతుంది, ఆన్ చేస్తే అక్కడి నుంచే మొదలు. కడప బస్సు కోసం స్టాండ్‌లో కూర్చుని ఆడేవాడికి, బస్సు వచ్చిందని ఠక్కున లేవాల్సినవాడికి, ఇంతకన్నా పనికొచ్చే ఫీచర్ లేదు. గేమ్ స్విచర్‌లో ఒక గేమ్ నుంచి ఇంకోదానికి మారడం కూడా అంతే సులువు.

కాబట్టి వేసుకోండి, కానీ పాత కార్డ్‌ని ముట్టుకోకుండా. మంచి కంపెనీది కొత్త కార్డ్ కొని, దాన్ని ఫ్యాట్32 చేసి, ఆనియన్ అందులో వేయండి. ఫోన్ వాడుతుంటే ఫైల్ మేనేజర్‌లో హిడెన్ ఫైల్స్ చూపించే ఆప్షన్ ముందే ఆన్ చేయండి. పాత కార్డ్‌లోని సేవ్స్‌ని కొత్త కార్డ్‌లో "Saves" లోపలి "CurrentProfile" లో ఉన్న "saves" ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. గేమ్ తెరిచి సేవ్ లోడ్ అవుతోందో లేదో కళ్లారా చూశాకే పాత కార్డ్ సంగతి ఆలోచించండి. తర్వాత ట్వీక్స్‌లోని నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఫైల్ సర్వర్ ఆన్ చేస్తే, వైఫై మీద ఫోన్ బ్రౌజర్‌లోంచే సేవ్ ఫైళ్లు తీసుకోవచ్చు. లాప్‌టాప్ అక్కర్లేదు.

పండక్కి ఇంటికెళ్లినప్పుడు మావాడికి కొత్త కార్డ్ ఒకటి పట్టుకెళ్లాను. గేమ్ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఆనియన్‌లో యాక్టివిటీ ట్రాకర్ అని ఒకటుంది, ఏ గేమ్ ఎంతసేపు ఆడామో చూపిస్తుంది. నిన్న దాని ఫొటో తీసి పంపించాడు: 11 గంటలు. కింద ఇంకో ఫొటో, వాడి ఫోన్‌లో సేవ్స్ ఫోల్డర్ కాపీ.