ఎవరి మనుగడకు ఎవరి గర్భం?

ఫ్రెంచి దర్శకురాలు క్లేర్ డెనీ 2018లో తీసిన ‘హై లైఫ్’ సినిమా గురించి మాట్లాడేవాళ్లు అంతరిక్షంలో ఒంటరితనం గురించీ, తండ్రీకూతుళ్ల అనుబంధం గురించీ చెప్తారు. ఆ కూతురు ఎలా పుట్టిందన్నది మాత్రం పక్కకు పోతుంది. మనం మాట్లాడాల్సింది దాని గురించే.

శిక్ష పడిన ఖైదీలను, అందులో స్త్రీలూ ఉన్నారు, ఒక నౌకలో కృష్ణబిలం వైపు పంపుతారు. జైలుకు బదులు ‘సైన్సుకు సేవ’. రోజూ నివేదిక పంపితేనే మరో 24 గంటలు ఊపిరి ఆడుతుంది. నౌకలోని డాక్టరు డిబ్స్ కూడా ఖైదీయే. అంతరిక్షంలో బిడ్డను పుట్టించాలన్నది ఆమె పట్టుదల. మోంటే అనే యువకుడు ఒప్పుకోకపోతే మత్తులో ఉంచి అతని వీర్యం తీసుకుంటుంది. దాన్ని నిద్రలో ఉన్న బోయిస్ అనే అమ్మాయి గర్భంలోకి ఎక్కిస్తుంది. ఇద్దరి మీదా జరిగింది అత్యాచారమే. కానీ తొమ్మిది నెలలు మోసేది బోయిస్. బిడ్డ పుట్టాక పాలు కారుతున్న రొమ్ములతో మిగిలేదీ బోయిసే. చివరికి ఆమె కృష్ణబిలంలో పడి చనిపోతుంది.

డెనీ ఈ హింసను దాచలేదు, నిజమే. కానీ సినిమా లాలన అంతా తండ్రికే దక్కింది. పసిదాని నవ్వు చూసి మనం బోయిస్‌ను మరిచిపోతాం. బిడ్డ బతికింది కాబట్టి ప్రయోగం ఫలించినట్టేనా? చేసింది స్త్రీ అయినంత మాత్రాన నేరం తగ్గుతుందా?

ఇదంతా కల్పనే కదా అనుకోవద్దు. 2009లో మన ఖమ్మం జిల్లాలో వేలమంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. వాళ్లలో గిరిజన హాస్టళ్లలో చదువుకునే పిల్లలూ ఉన్నారు. ఎన్నో అంగీకార పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదా కాదా అన్నది వేరే ప్రశ్న. ఆ పిల్లలను అడిగారా అన్నదే మన ప్రశ్న.

ఖైదీ, హాస్టలు పిల్ల, పేదరాలు - ప్రయోగాలకు ఎప్పుడూ దొరికేది వీళ్లే. మానవజాతి మనుగడ అన్న పెద్దమాట వినబడినప్పుడల్లా, అందుకోసం పణంగా పెడుతున్నది ఎవరి శరీరాన్నని అడుగుదాం. వద్దనే హక్కు లేనిచోట ‘సరే’ అన్న మాటకు అర్థం లేదు.